నల్లబోడు రాగి

మొదటి బోరు

వాటాదారులకు పంపాల్సిన అంకెలు పంపేశాను. నాకు అర్థం కానివన్నీ ఈ రికార్డరుకు చెప్పుకుంటాను. వినడానికి ఇక్కడ ఇంకో మనిషంటే చౌడన్న ఒక్కడే. బోరు బండి ఆయనదే. హెల్మెట్‌లో రేడియో సగం తగ్గించి పెట్టుకుని, నేను ఏమన్నా తలూపుతాడు.

నల్లబోడంటే పెద్ద గుట్ట కూడా కాదు, బోడిగా నల్లగా ఒక మిట్ట. ముత్తాతల కాలంలో ఎవరో ఇటుగా పోతూ నాలుగు రాళ్ళు కొట్టి చూసి, రాగీ జింకూ ఉండవచ్చు, ఎవరూ సరిగ్గా వెతకలేదు అని ఒక్క ముక్క చెప్పి పోయారట. ఆ ఒక్క ముక్క పట్టుకుని మా రామసుబ్బమ్మక్క గొడుగులో ఇల్లిల్లూ తిరిగి అందరినీ వాటాదారులను చేసింది. గొడుగంటే మా ఊరే. పైన గాజు కప్పు, కింద మేము, బయట పీల్చడానికి ఏమీ లేదు. అందులో నీళ్ళ పంపకం రామసుబ్బమ్మక్క చేతిలో ఉంటుంది, అందుకని ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. ప్రతి ఇల్లూ తన నీళ్ళ వాటాలోంచి కొంత మా బండికి పోసింది. అవే తాగుతున్నాం, వాటితోనే బోరు వేస్తున్నాం.

ఇంత హడావుడీ ఒక మోటారు కోసం. గొడుగులో గాలి ఆడించే మిషన్లు రెండు. పాతదాని మోటారు వైండింగ్, అంటే లోపలి రాగి తీగ చుట్ట, కాలుతూ వస్తోంది. ఆ మిషను చూసుకునేది నా మొగుడు దస్తగిరి. కొత్తగా చుట్టడానికి రాగి కావాలి, ఒక చెంబో తపేలానో ఉంటే ఇవ్వండని అతను గడప గడపా ఎక్కి అడిగాడు. మా ఇంట్లో రాగి ఎక్కడిదప్పా అని అందరూ ఒకే పాట పాడారు. అప్పుడు పుట్టింది ఈ గుట్ట ఆలోచన.

ఇక్కడ రాగి ఉందని నేను చెప్తే, ఆ రెండో మిషనును ఊడదీసి ఇక్కడికి తెస్తారు. గనిలో దిగేవాళ్ళకు గాలి కావాలి కదా. నేను ఉందన్నాక తీరా లేకపోతే, ఊరికి కాలిపోయే మిషను ఒక్కటే మిగులుతుంది, దాని పక్కన దస్తగిరి ఉంటాడు, అతని వెనక ఊరంతా ఉంటుంది. నా ఉద్యోగమల్లా ఉంది, లేదు అనే రెండు మాటల్లో ఒకటి చెప్పడం. ఇంత చిన్న ఉద్యోగం ఇంకెక్కడా ఉండదని దస్తగిరి ఎగతాళి చేస్తాడు.

ఈ రోజు మొదటి బోరు వేశాం. నేల తెరిచేటప్పుడు నాలాంటి కొలత మనిషి అటు చూడకూడదని ఆచారం, కన్ను పడితే కొలత చెడుతుందట. చౌడన్న ఏదో పూజ చేసుకుంటాడు, అయ్యేదాకా నేను వీపు తిప్పి నిలబడాలి. పసుపో బియ్యమో వేస్తాడనుకుంటాను. నాకు ఇలాంటివి పట్టవు, ఆ కాసేపు దస్తగిరితో రేడియోలో కబుర్లు చెప్పుకుంటాను.

బోరు గొట్టంలోంచి రాతి కడ్డీలు వచ్చాయి. ఏ లోహం ఎంత ఉందో చెప్పే మీటరు వాటికి ఆనించాను. రాగి! రాగితో పాటు జింకు, తగరం, కాస్త వెండి, చిటికెడు బంగారం. చౌడన్నను కౌగిలించుకోబోయాను, రెండు సూట్లూ ఢీకొని ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

తగరం సంగతే అర్థం కాలేదు. ఇలాంటి నల్ల రాతిలో తగరానికి ఏం పని? సరేలే, మొదటి బోరు కదా అనుకున్నాను.

మూడో బోరు

మళ్ళీ అన్నీ వచ్చాయి. రాగి, జింకు, తగరం, వెండి, బంగారం, పెళ్ళికి బయలుదేరిన ఇంటిల్లిపాదిలాగా ఒక్కరూ తగ్గకుండా. మొదటి బోరులో ఏది ఎంత పాళ్ళలో ఉందో ఇక్కడా అదే పాళ్ళు. కాకపోతే అన్నీ కాస్త ఎక్కువ.

నేల ఇలా ప్రవర్తించదు. ఒక చోట రాగి ఎక్కువుంటే ఇంకో చోట జింకు ఉండాలి, ఒక చోట రెండూ లేకుండా పోవాలి. నేలకు పొదుపు తెలియదు, పద్ధతి తెలియదు, చిందరవందరగా పోసి పెడుతుంది. నేను చదువుకున్నదంతా ఆ చిందరవందర గురించే. ఇక్కడ మాత్రం ఎవరో తూకం వేసి పంచినట్టు ఉంది.

పైగా ఈ రాయి వట్టి తూట్ల రాయి. ఎప్పుడో పొంగి చల్లారిన రాయి కాబట్టి లోపలంతా బుడగలు, నీళ్ళు పోస్తే పీల్చేసుకుంటుంది. అలాంటి రాతిలో రాగి ఉంటే ఒక వరసలో, ఒక చారలో ఉండాలి. కడ్డీని సుత్తితో పగలగొట్టి చూశాను. చార లేదు. మీటరు మాత్రం రాగి ఉందంటోంది.

మీటరు మీదే అనుమానం వచ్చింది. నా చేతి తొడుగుకు ఆనించాను, ఏమీ చూపలేదు. బండి చక్రానికి ఆనిస్తే ఇనుము చూపింది. గొడుగు నుంచి తెచ్చుకున్న ఉత్త రాయి ఒకటి ఉంటే దానికీ ఆనించాను, రాగి ఊసే లేదు. మీటరు బాగానే ఉంది. మరి బాగోలేనిది నేనా?

రామసుబ్బమ్మక్క రేడియోలో వచ్చింది. అంకెలు చూసి ఊళ్ళో గుమ్మడికాయ కొట్టారట. నేను ఇంకా ఏమీ చెప్పలేదక్కా, తొందరపడొద్దు అన్నాను. నువ్వు అట్లనే అంటావులే, మీ చదువుకున్నోళ్ళకు నవ్వు రాదు అంది. నవ్వు రాక కాదు, నవ్వాలో ఏడవాలో తెలియక చస్తున్నానని చెప్పలేకపోయాను.

అయిదో బోరు

ఈ సారి కావాలనే గుట్టకు అవతలి పక్కకు వెళ్ళాను. అక్కడ ఏమీ ఉండదని నాకు గట్టి నమ్మకం. రాయి వేరు, రంగు వేరు. అక్కడ ఏమీ లేకపోతే ఇవతల పక్క ఉన్నది నిజమని నమ్మవచ్చు. లేని చోటు ఒకటి దొరికితే తప్ప ఉన్న చోటును నమ్మలేను, నా వృత్తి అలాంటిది.

అక్కడ ఇంకా ఎక్కువ వచ్చింది.

బండి మెట్టు మీద కూర్చుండిపోయాను. చౌడన్న వచ్చి, ఏమమ్మా బాగా వచ్చిందా అని అడిగాడు. బాగా వచ్చింది చౌడన్నా, అదే బాధ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, గాలి గొట్టం సరిగ్గా బిగించుకున్నానా అని నా వీపు తడిమి చూసి వెళ్ళాడు.

బోరు మారితే గుట్ట పక్క మారింది, రాయి మారింది. ఒక్కటే మారలేదు, ఎక్కడ వేసినా ముందుదాని కంటే ఎక్కువ రావడం. నేను వెళ్ళే చోటికల్లా రాగి నా వెనక నడిచి వస్తోందా? ఇలాంటి మాటలు అంటే నన్ను వెనక్కి పిలిపించి మంచం మీద పడుకోబెడతారు. అందుకే అంకెలు మాత్రమే పంపాను.

అక్కడే నా తెలివి తెల్లారింది. ఉందని నేను ఒక్క సారి కూడా అనలేదు. కానీ అంకెలు పెరుగుతుంటే ఇంక నా మాట ఎవరికి కావాలి? రెండో మిషను బెల్టులు విప్పడం మొదలుపెట్టారని దస్తగిరి చెప్పాడు. నేను చెప్పేదాకా ఆగమను అని అరిచాను. ఆగమన్నాడట. ఆగుతూనే విప్పుతున్నారట.

మరుగు గుంత

ఇది అసలు బోరే కాదు. మా మరుగు గుంత నిండిపోయింది. చౌడన్న గుట్టకు దూరంగా, దుమ్ము తప్ప ఏమీ లేని చోట, బోరు బండితోనే కొత్త గుంత వేశాడు. నేను ఎప్పటిలా అటు తిరిగి నిలబడ్డాను. మరుగు గుంతకు కూడా వీపు తిప్పాలా అని అడిగాను, నేల నేలే కదమ్మా అన్నాడు.

ఊరికే, చేతిలో మీటరు ఉంది కదా అని, పైకి వచ్చిన బురదకు ఆనించాను.

అన్ని బోర్లకంటే ఎక్కువ రాగి! జింకు, తగరం, వెండి, బంగారం, ఎవరూ మానలేదు.

నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వాను, హెల్మెట్ అద్దమంతా ఆవిరి పట్టి ఏమీ కనబడలేదు. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. ఈ ప్రపంచమంతా రాగి అయినా అయ్యుండాలి, లేకపోతే నాకు పిచ్చయినా పట్టి ఉండాలి. రెండింట్లో ఏదైతే బాగుండునో కూడా తేల్చుకోలేకపోయాను.

దస్తగిరికి చెప్పాను. అతనూ బాగా నవ్వాడు. గని అక్కడే పెట్టుకోండి, పనివాళ్ళకు సౌకర్యంగా ఉంటుంది అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, మోటారు దగ్గర ఈ రోజు కాలిన వాసన ముందుకంటే ఎక్కువ వచ్చిందన్నాడు. రెండో మిషను బెల్టులన్నీ తీసేశారు, ఇంక బోల్టులే మిగిలాయి.

"సుంకులూ, ఉండాదా లేదా? ఒక్క మాట చెప్పు. వీళ్ళను నేను ఇంగ ఆపలేను."

"మీటరు ఉండాదంటాది."

"మీటరు సంగతి గాదు. నువ్వేమంటావు?"

నాకు తెలియదని చెప్పాను. నా మొగుడితో అలా అనడానికి సిగ్గేసింది. పెళ్ళయినప్పటి నుంచి ఏది అడిగినా తెలుసన్న మనిషిని నేను.

చవిటి నేల బోరు

ఈ రోజు చవిటి నేల మీద బోరు వెయ్యమన్నాను. తెల్లటి ఉప్పు పేరుకున్న చోటు, రాగి ఉండే వీలే లేదు. ఇక్కడా వస్తే మీటరు పారేసి ఇంటికి పోవడమే అనుకున్నాను.

చౌడన్న నన్ను వీపు తిప్పమన్నాడు. తిప్పాను. దస్తగిరిని పిలిస్తే పలకలేదు, మోటారు దగ్గర ఇరుక్కుని ఉంటాడు. వినడానికి ఏమీ లేక ఊరికే నిలబడ్డాను. అప్పుడు వినిపించింది, చౌడన్న తన రేడియోలో గొణుక్కోవడం. ఎప్పుడూ గొణుక్కుంటూనే ఉండి ఉంటాడు, నేనే మొగుడి మాటల్లో పడి వినలేదు. మంత్రాలు చదువుతున్నాడేమో అనుకున్నాను. మంత్రాలు కాదు, పేర్లు. "రామసుబ్బమ్మ ఇంటిది. ఓబన్న ఇంటిది. మద్దమ్మ ఇంటిది." ఒక్కో పేరుకూ కాసేపు ఆగుతున్నాడు.

తిరిగి చూశాను. నీళ్ళ తొట్టి మూత తీసి ఉంది. ఆయన చేతిలో ఒక చిన్న గుడ్డ పొట్లం. దాన్ని విప్పి తొట్టిలో దులిపాడు. పొడి మెల్లగా, తీరిగ్గా, ఏదీ పెద్దగా బరువు తూగని మా నేల మీద అన్నీ పడినట్టే పడింది. పడేటప్పుడు ఎర్రగా మెరిసింది.

"ఏంది చౌడన్నా అది?"

"అటు తిరుగమ్మా. నువ్వు చూడగూడదు."

"చూసేసినాను. ఏంది అది?"

ఆయన ముఖం మాడిపోయింది. పొట్లం గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వాటాదారుల మొక్కు. ఇంటికొక పొట్లం, ప్రతి బోరుకూ. రాగో ఇత్తడో కంచో, ఎవురి కాడ ఏముంటే అది ఆకురాయితో రాకి పంపినారు. రవంత వెండి, రవంత బంగారు. నేల కాడ ఏది అడుగుతామో అది ముందు నేలకియ్యల్ల కదా."

"ప్రతి బోరుకూ వేసినావా?"

"వెయ్యకుండా ఎట్ల?"

"మరుగు గుంతకూ?"

"అదీ బోరే కదమ్మా."

ఇన్ని రోజులూ నాకెందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు అడగల్యా అన్నాడు. నిజమే, అడగలేదు. పసుపో బియ్యమో అని నేనే అనుకున్నాను.

ఆ తొట్టిలో నీళ్ళే గొట్టంలోకి పోతాయి, రాతిని కోస్తాయి, బురదతో పైకొచ్చి మళ్ళీ తొట్టిలోనే పడతాయి. నీళ్ళు పారబోయొద్దు, వాడినవే వాడండి అని ఆజ్ఞాపించిన మహాతల్లిని నేనే. ఆ నీళ్ళను తూట్ల రాయి పీల్చుకుంది. బోరు బోరుకూ పొట్లాలు కలిశాయి, బోరు బోరుకూ రాగి పెరిగింది. ఇత్తడిలోంచి జింకు, కంచులోంచి తగరం. పొద్దస్తమానం నేను కొలిచింది మా ఊరి వంటిళ్ళను.

అర్థమయ్యాక హాయిగా ఉండాలి కదా. అస్సలు లేదు. ఊరి రాగి కలిసిందని తెలిసింది సరే, అది తీసేస్తే గుట్టలో సొంత రాగి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కొంచెం ఉంటే? ఉండి నేను లేదంటే, మోటారు కాలిపోతే? ఇంతకు ముందు ఒక్క సందేహమే ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి.

తాగే నీళ్ళ బోరు

శుభ్రమైన నీళ్ళతో, పొట్లాలు లేకుండా, ఒక్క బోరు వెయ్యమని చౌడన్నను అడిగాను. కుదరదన్నాడు. బతిమాలాను. కుదరదన్నాడు. నేను కొలత మనిషిని, నా మాట వినాలి అని గొంతు పెంచాను. ఆయన బండి తాళం తీసి నా చేతిలో పెట్టి, నువ్వే వేసుకో అన్నాడు. నాకు ఆ బండి స్టార్టు చెయ్యడం కూడా రాదు.

కాసేపయ్యాక ఆయనే వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"మా తమ్ముడూ నేనూ ఒకేసారి ఈ పని నేర్చుకున్నాం. వానికి ఇట్లాంటివి పట్టవు, నీ మాదిరే. ఏమీ ఇయ్యకుండా ఒక నేల తెరిచినాడు. గొట్టం విరిగి వాని మీదనే పడింది. నువ్వు బోరు అంచున నిలబడతావమ్మా, నేను గాదు."

గొట్టం ఎందుకు విరిగిందో నాకు తెలుసు. పాత ఇనుము, బిగువెక్కువ. కానీ ఆ మాట ఆయన ముందు అనడానికి నోరు రాలేదు. నా కోసం భయపడుతున్నాడని తెలిశాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. పూజ ఆపమని ఎలా అడగాలి? ఆపకపోతే ఊరికి ఏమని చెప్పాలి?

చివరకు, శుభ్రమైన నీళ్ళంటే మన దగ్గర తాగే నీళ్ళే కదా చౌడన్నా అన్నాను. అవి పోసేస్తే మిగిలినవి ఇంటికి చేరడానికి బొటాబొటిగా సరిపోతాయి, తర్వాత ఇక్కడ ఒక్క పూట కూడా ఉండలేం.

"తాగే నీళ్ళే పోస్తా ఉంటే, ఇంగ అంతకంటే ఏమియ్యల్ల చౌడన్నా నేలకు?"

ఆయన చాలా సేపు ఆలోచించాడు. లేచి వెళ్ళి తాగే నీళ్ళ డబ్బా మోసుకొచ్చాడు. తొట్టిని బండి నుంచి విప్పి పక్కన పెట్టాడు. గొట్టాలన్నీ గుడ్డతో తుడిచాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు. పసుపు బొట్టు ఒకటి పెట్టాడు, బియ్యం నాలుగు గింజలు వేశాడు. అప్పుడు నన్ను అటు తిరగమన్నాడు. తిరిగాను. పేర్లు చదవలేదు ఈసారి. నా పేరు ఒక్కటే వినిపించింది.

కడ్డీలు వచ్చాయి. మీటరు ఆనించాను. చివరి కడ్డీ దాకా ఆనించుకుంటూ పోయాను. రాగి లేదు. జింకు లేదు. ఏమీ లేదు, నల్ల రాయి.

చౌడన్న అడగలేదు, నా ముఖం చూసి గొట్టాలు సర్దడం మొదలుపెట్టాడు.

ఒక్క బోరుతో గుట్టంతటి గురించీ చెప్పవచ్చా? చెప్పకూడదు. కానీ ఇంకో బోరుకు నీళ్ళు లేవు. ఉందని నమ్మడానికి నా దగ్గర ఇప్పుడు ఒక్క కారణం కూడా మిగల్లేదు.

తిరుగు దారి

బండి కదలకముందే గొడుగుకు రేడియో చేశాను. మిషను గదిలో దస్తగిరి, రామసుబ్బమ్మక్క ఉన్నారు. మిగతావాళ్ళు గది బయట రెండో మిషను బోల్టుల దగ్గర ఉన్నారట, చివరివి విప్పుతున్నారట. సుత్తి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి.

నల్లబోడులో రాగి లేదని చెప్పాను. రామసుబ్బమ్మక్క నమ్మలేదు. నమ్మకపోగా, గుట్టలో ఒంటరిగా ఉండి ఉండి నాకేదో అయిందని దస్తగిరితో అనడం వినబడింది.

"అంకెలు నువ్వు పంపినవే కదమ్మే."

"అంకెలు నావే అక్కా. రాగి మీది."

పొట్లాల సంగతి, తొట్టి సంగతి, మరుగు గుంతతో సహా చెప్పాను. ఆమె అడ్డం రాలేదు. చెప్పడం అయ్యాక, మా ఇంటిదీ ఉండాదా అందులో అని అడిగింది. ముందు మీ పేరే చదువుతాడక్కా అన్నాను. అత్తగారు ఇచ్చిన చెంబు అది, ప్రతి బోరుకూ ఒక పొట్లమని ముందే కూర్చుని రాకినాను అంది. ఆ గొంతు ఎప్పుడూ వినే గొంతు కాదు.

ఆమె ఎవరినో కేకేసి ఆపమంది. సుత్తి దెబ్బలు ఆగాయి. మిషను ఊరు దాటదు, అంతవరకూ గెలిచాం. పాత మోటారు సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

దస్తగిరి మాట్లాడాడు. తొట్టి అడుగున బురద ఎంత ఉందని అడిగాడు. చాలా ఉందన్నాను. రాగి ఎంత ఉంటుందని అడిగాడు. లెక్క వేసి చెప్పాను. ఆమ్లంలో వేసి కరెంటు పెడితే రాగి విడిగా వచ్చేస్తుంది, అది అతనికి చేతనైన పనే. మోటారు మొత్తానికి కాదు గాని, కాలిన చుట్టల్లో ఎక్కువ భాగానికి వస్తుంది.

దస్తగిరి ఆ లెక్కను ఇంకోసారి చెప్పించుకున్నాడు.

"గడప గడపా ఎక్కి అడిగినాను సుంకులూ. ఊపిరాడక చస్తాం, ఒక గరిటైనా ఇయ్యండని అడిగినాను. అందరూ లేదన్నారు గానీ ఒక్కరూ ఉండాదనల్యా."

రామసుబ్బమ్మక్క పక్కనే ఉందని కూడా అతను చూసుకోలేదు. లేక చూసుకునే అన్నాడో. నాకు ఒళ్ళు మండింది. గాలి కోసం అడిగితే లేని రాగి, గుట్టలో వాటా వస్తుందంటే ఇంటింటా ఎలా పుట్టుకొచ్చింది? ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్ళు మోసం చెయ్యలేదు. ఉన్నదంతా ఇచ్చేశారు, అడిగినవాడికి తప్ప.

ఆ బురద తెచ్చేయమన్నాడు దస్తగిరి. తొట్టి అప్పటికే బండి ఎక్కింది. కానీ రామసుబ్బమ్మక్కకు ఇంకో దిగులు పట్టుకుంది. తమ రాగే అని తెలిస్తే ఎవరి పొట్లం వాళ్ళు తిరిగి ఇమ్మంటారు. ఇయ్యడానికి వీల్లేదక్కా, అంతా ఒకే బురద అన్నాను. వీల్లేదని తెలిసినా అడుగుతారు, అడిగి కొట్టుకుంటారు, ఆ లోపల మోటారు కాలిపోతుంది అంది. ఆమెకు ఊరు బాగా తెలుసు.

గొంతు తగ్గించి అంది.

"ఎవురన్నా అడిగితే గుట్టలో దొరికిందని చెప్పు. గుట్టది అంటే అందరిదీ అవుతాది."

ఉందని ఒక్క అబద్ధం చెప్పకుండా ఇన్నాళ్ళూ నాలుక కొరుక్కుని కూర్చున్నాను. ఇప్పుడు దొరికిందని చెప్పాలట. నల్లబోడులో రాగి దొరికిందంటే రేపే మళ్ళీ రెండో మిషనును విప్పుతారు కదా. విప్పకుండా చెప్పు, అది నీ చేతిలో పని అంది. రేడియో పెట్టేసింది.

చౌడన్నకు చెప్పాను. ఆయనకు ఏ ఇబ్బందీ కనబడలేదు. మనం ఇచ్చినాం, నేల తిరిగి ఇచ్చింది, ఇందులో దాచేదేముందమ్మా అన్నాడు. దారంతా ఆయన హాయిగా బండి నడిపాడు. నేను చెప్పబోయే మాటను నాలుగు రకాలుగా మార్చి చూసుకున్నాను. ఏ రకంగా చూసినా సగం బాగుండి సగం బాగోలేదు.

గొడుగు

గేటు లోపల ఊరంతా నిలబడి ఉంది. హెల్మెట్ తీసేసరికి కాలిన వాసన నా ముక్కుకు కూడా తగిలింది. దస్తగిరి మనిషి సగమయ్యాడు. అందరిలో నా చెయ్యి పట్టుకోవడానికి మొహమాటపడి, నా చేతిలోని సంచీ అందుకున్నాడు.

దొరికిందా అని ఎవరో అడిగారు. రామసుబ్బమ్మక్క నా వైపే చూస్తోంది.

"నల్లబోడులో ఉండే రాగి అంతా తెచ్చినాను. ఇంగ ఆడ ఒక్క రవ్వ కూడా లేదు. మళ్ళా ఆ గుట్టకు పోవద్దు, మిషను తీసుకుపోవద్దు. తెచ్చింది ఈ మోటారుకే సరిపోతాది."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఒక్కొక్కటీ మళ్ళీ తిరగేసి చూసుకున్నాను, లేదు. అయినా చెంపలు వేడెక్కాయి. ఇంతేనా అని కొందరు ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఎక్కువమంది మాత్రం తొట్టి చుట్టూ మూగి బురదను వేలితో తాకి కళ్ళకద్దుకున్నారు. గుట్ట రాగి అని పిల్లలకు చూపించారు. మోటారుకు పొయ్యండి అని వాళ్ళే అన్నారు, ఎవరూ అడగకుండానే. దస్తగిరి నా వైపు చూశాడు, నేను వేరే ఎటో చూశాను.

ఇప్పుడు అతను లోపల వైండింగ్ చుడుతున్నాడు. కొన్ని చుట్టలకు రాగి తక్కువైంది, ఇంకొంచెం ఉంటే నిశ్చింతగా ఉండేది అంటున్నాడు.

ఇందాక మా పక్కింటి చెన్నమ్మత్త వచ్చింది. దస్తగిరి రాగి అడగడానికి వెళ్ళినప్పుడు తలుపు కూడా తీయని మనిషి. ఈ రోజు తనే మా తలుపు తట్టి, కొంగు కింద నుంచి గుడ్డ పొట్లం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. బరువుగా ఉంది.

"ఇంగో గుట్టకు పోతారు కదమ్మా. మా ఇంటిది ముందుగానే రాకి పెట్టినా."

లోపల దస్తగిరి చెయ్యి ఆగింది, అతనూ వింటున్నాడు. పొట్లం వెనక్కి ఇచ్చేయాలనిపించింది. నిజం చెప్పి, నేరుగా మోటారుకే ఇవ్వమని అడగాలనిపించింది. ఆమె ఏమంటుందో నాకు తెలుసు.

ఏ గుట్టకు పోతారని అడిగింది.

"చూస్తా ఉన్నాం అత్తా" అని పొట్లం తీసుకున్నాను.